ఎర్ర వినైల్ అక్షరాలు ముడుచుకుపోతున్నాయి: తప్పు సరుకుదా, అతికించిన చేతిదా?

ప్రశ్న: శ్రీకాకుళం బోర్డులు

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు వైపు పదకొండేళ్లుగా బోర్డుల పని చేస్తున్నాను. దుకాణంలో నేనూ, ఇద్దరు కుర్రాళ్లూ ఉంటాం. ఏప్రిల్ మొదటి వారంలో ఒక మందుల దుకాణాల సంస్థకు 14 బోర్డులు చేసి పెట్టాము. శ్రీకాకుళంలో 5, ఆమదాలవలసలో 3, నరసన్నపేటలో 4, టెక్కలిలో 2. తెల్ల ఏసీపీ షీటు (రెండు పలుచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) మీద ఎర్ర వినైల్ (వెనక జిగురున్న ప్లాస్టిక్ ఫిల్మ్) అక్షరాలు, ఎడమ చివర పెద్ద ప్లస్ గుర్తు. విశాఖపట్నంలోని డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఒకే కంపెనీ ఎర్ర రోళ్లు రెండు కొన్నాను. ఒక్కొక్కటి 4 అడుగుల వెడల్పు, 50 మీటర్ల పొడవు.

మూడు వారాలు తిరగకముందే టెక్కలి నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లి నిచ్చెన వేసి చూస్తే అక్షరాల అంచులు అర మిల్లీమీటరుకు పైగా వెనక్కి జరిగి ఉన్నాయి, ఆ ఖాళీలో మిగిలిన జిగురుకు దుమ్ము పట్టి ప్రతి అక్షరం పక్కన కాటుక గీసినట్టు నల్లని గీత కనిపిస్తోంది. కొన్నిచోట్ల మూలలు పైకి లేచాయి కూడా. మొత్తం 8 బోర్డులకు ఇదే పరిస్థితి, మిగిలిన 6 నిక్షేపంలా ఉన్నాయి. నాకు అర్థం కాని సంగతి ఏమిటంటే, ఆమదాలవలసలో మూడు బోర్డులనూ ఒకే రోజు, ఒకే కుర్రాడు అతికించాడు. వాటిలో ఒకటి బాగుంది, రెండు పాడయ్యాయి.

కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇచ్చి, ఫొటోలు ఈమెయిల్ చేయమన్నారు. పంపాను. తొమ్మిది రోజుల తర్వాత వచ్చిన జవాబులో, తీర ప్రాంతపు తేమ వల్లా, ఉపరితలాన్ని సరిగ్గా శుభ్రం చేయకపోవడం వల్లా, తడి పద్ధతిలో అతికించడం వల్లా ఇలా జరిగిందనీ, అయినా సద్భావంతో ఒక రోల్ ఉచితంగా ఇస్తామనీ రాశారు. నేను దాచకుండా చెబుతున్నాను, పెద్ద ప్లస్ గుర్తును మాత్రం సబ్బు నీళ్లు చల్లి అతికించాము. అక్షరాలన్నీ ట్రాన్స్‌ఫర్ టేపుతో (కోసిన అక్షరాలను వరుస చెదరకుండా ఎత్తి షీటు మీదికి మార్చే టేపు) పొడిగానే వేశాము, షీటును ముందుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాము.

ఆ ఒక్క రోల్ తీసుకుని ఊరుకోవాలా? ఎనిమిది చోట్ల పరంజా కట్టి, పాతది గీకి, జిగురు తుడిచి, కొత్తది వేసే కూలి ఎవరు భరించాలి?

జవాబు: పాత కుంచె, విజయనగరం

శ్రీకాకుళం వారికి నమస్కారం. గంటస్తంభం దగ్గర గోడల మీద చేత్తో అక్షరాలు రాసే రోజుల నుంచి నేను ఈ వృత్తిలో ఉన్నాను. అప్పట్లో రంగు రాలిపోతే నింద నేరుగా నా కుంచెకే వచ్చేది, అడ్డం వేసుకోవడానికి రోల్ గానీ కంపెనీ గానీ ఉండేవి కావు. కాబట్టి ముందుగా తప్పు మనదేమో చూసుకునే అలవాటు నాకు ఉంది.

లేచిన ఒక మూలను గోటితో మెల్లగా లాగి, జిగురు ఎటు పోయిందో చూడండి. జిగురంతా వినైల్‌తో పాటే వచ్చి షీటు శుభ్రంగా మిగిలితే, జిగురు ఆ ఉపరితలాన్ని పట్టలేదన్నమాట. జిడ్డో, తేమో, దుమ్మో ఉండి ఉంటుంది, అప్పుడు కంపెనీ చెప్పిన మాటను కొట్టిపారేయలేము. అలా కాకుండా వినైల్ వెనక భాగం నున్నగా వచ్చేసి జిగురంతా షీటు మీదే ఉండిపోతే, ఫిల్మ్‌కూ జిగురుకూ మధ్య ఫ్యాక్టరీలో కుదరవలసిన పట్టు కుదరలేదని అర్థం. మీరు కాటుక గీత అన్నది మాత్రం ఈ రెండింటిలోనూ చేరదు. జిగురు తన చోటనే ఉంది, పైనున్న ఫిల్మ్ కుంచించుకుపోయింది.

ఇది ఎందుకు జరుగుతుందంటే, మామూలు వినైల్‌ను వేడి రోలర్ల మధ్య నొక్కి, సాగదీసి పలుచన చేస్తారు. ఆ సాగతీత ఫిల్మ్‌లో దాగి ఉండి, ఎండ తగిలినప్పుడు మళ్లీ వెనక్కి వెళ్లాలని చూస్తుంది. మోనోమెరిక్ రకంలో ఈ గుణం ఎక్కువ, పాలిమెరిక్‌లో తక్కువ. ద్రవంగా పోసి ఆరబెట్టే కాస్ట్ వినైల్‌కు సాగతీతే ఉండదు కనుక అందులో దాదాపు కనిపించదు. మీరు కొన్నది ఏ రకమో చెప్పలేదు. మోనోమెరిక్ అయినా సరే, సాంకేతిక సమాచార పత్రంలో కుంచించుకుపోయే పరిమాణం గురించి ఒక వరుస ఉంటుంది, మంచి కంపెనీల మామూలు రకాల్లోనూ అది సాధారణంగా 0.4 మిల్లీమీటర్ల లోపే. మీరు స్కేలు పెట్టి కొలిచి, ఆ అంకె పక్కన మీ అంకె రాయండి.

అసలు సాక్ష్యం ఇంకొకటి ఉంది. ఇలాంటి ఫిల్మ్ రోల్ పొడవు దిశలో ఎక్కువగా, వెడల్పు దిశలో తక్కువగా ముడుచుకుంటుంది. మీ నల్ల గీతలు అక్షరాలకు నాలుగు వైపులా సమానంగా ఉన్నాయా, లేక కుడి ఎడమల మాత్రమే ఉన్నాయా? వినైల్‌ను నొక్కి అతికించే స్క్వీజీ పట్టిన చేతికి రోల్ ఏ దిశలో నడిచిందో తెలియదు. తుడవడంలో తప్పు జరిగితే అంచులు ఎటు పడితే అటు లేస్తాయి.

మీరు కొన్న రోళ్లలో ఏమైనా మిగిలి ఉంటే దయచేసి ఇంకొక్క అంగుళం కూడా కోయకండి.

జవాబు: రాజాం స్టిక్కర్ పని

పెద్దాయన చెప్పిన దానికి నా వైపు నుంచి కాగితాల సంగతి కలుపుతాను, ఎందుకంటే రెండేళ్ల క్రితం ఎల్ఈడీ మాడ్యూళ్ల విషయంలో నేను దెబ్బ తిన్నది అక్కడే. సరుకు చెడ్డదని ఋజువు చేయగలిగాను గానీ, ఆ సరుకు ఫలానా బిల్లు మీద వచ్చిందేనని చూపించలేకపోయాను. అట్టపెట్టెలు అప్పటికే పాత సామాన్ల వాడికి వెళ్లిపోయాయి. రోల్ మధ్యలోని అట్ట గొట్టం లోపలి వైపు బ్యాచ్ నంబరున్న చిన్న చీటీ ఉంటుంది. రోల్ అయిపోయాక గొట్టాలు ఎక్కడ పడేశారో వెతకండి.

ఇక మీరు ఉత్తరం రాయవలసింది ముందుగా కంపెనీకి కాదు, మీకు బిల్లు ఇచ్చిన డిస్ట్రిబ్యూటర్‌కు. అమ్మకం మీ ఇద్దరి మధ్య జరిగింది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ఆ రకం సరుకు అమ్మే వ్యాపారి దగ్గర వర్ణన చెప్పి కొన్నప్పుడు, అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్నది చెప్పకపోయినా ఉండే షరతు. కొనేటప్పుడు తిప్పి చూసినా కనిపించని లోపానికి ఇది వర్తిస్తుంది. అయితే అదే చట్టంలో, తగిన గడువులోగా తిరస్కరిస్తున్నట్టు తెలియజేయకుండా సరుకు ఉంచేసుకుంటే అంగీకరించినట్టే అని 42వ సెక్షన్ చెబుతుంది. అందుచేత ఫోన్ల మీద నమ్మకం పెట్టుకోకుండా ఈ వారమే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ రాసి పంపండి. అంగీకరించినట్టు లెక్కపడినా నష్టపరిహారం అడిగే హక్కు మిగులుతుంది గానీ, వాదన కష్టమవుతుంది.

వినియోగదారుల కమిషన్ గురించి చాలామంది తేలిగ్గా చెబుతారు, కానీ మన వృత్తి వాళ్లకు అది అంత సూటి దారి కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నవాడికి మినహాయింపు ఉంది. పాత చట్టం కింద 1995లో సుప్రీంకోర్టు, యంత్రం కొని తానే నడుపుకునేవాడు ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన వినియోగదారుడు కాకుండా పోడని చెప్పింది. మీది ఇద్దరు కుర్రాళ్ల దుకాణం కాబట్టి ఆ మాట మీకు పనికి రావచ్చు. కానీ వినైల్ యంత్రం కాదు, మీరు దాన్ని బోర్డు రూపంలో మళ్లీ అమ్మారని అవతలి లాయరు తప్పక అంటాడు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, అక్కడ కోర్టు ఖర్చులేమీ ఉండవు.

జవాబు: బొబ్బిలి సైన్‌బోర్డులు

నా అభిప్రాయం కొంచెం వేరు. చట్టం సెక్షన్లతో మొదలుపెడితే రేపు అర్జెంటుగా రోల్ కావలసి వచ్చినప్పుడు డిస్ట్రిబ్యూటర్ ఫోన్ ఎత్తడు. నా అనుభవం ఒకటి చెబుతాను. ఏసీపీ షీటు పైనున్న రక్షణ ఫిల్మ్ మీద బాణం గుర్తులుంటాయి, అన్ని షీట్లనూ ఒకే దిశలో బిగించకపోతే వెలుగులో రంగు తేడా కనిపిస్తుంది. ఆ సంగతి తెలియక ఒకసారి షీట్లే చెడ్డవని కంపెనీ మనిషి మీద గొంతు పెంచాను, ఆయన ఏమీ మాట్లాడకుండా చిత్తు ముక్క తీసి బాణం చూపించాడు. ఆ రోజు నుంచి నేను మొదట అడిగేది డబ్బు కాదు, మనిషిని పంపమని. టెక్నికల్ మనిషి వచ్చి బోర్డు చూస్తే కస్టమర్ కేర్ వాళ్ల అచ్చు జవాబు పక్కకు పోతుంది.

ఉచిత రోల్ మాత్రం వద్దనకండి. తీసుకునేటప్పుడు, ఇది తుది పరిష్కారంగా కాదు, మిగిలిన నష్టం విషయం ఇంకా తేలవలసి ఉంది అని డెలివరీ కాగితం మీదే రాసి సంతకం పెట్టండి. వాళ్లు పూర్తి పరిష్కారం అని ముందే టైపు చేసి తెచ్చిన కాగితం మీద సంతకం పెడితే మీ కథ అక్కడితో ముగిసినట్టే. రోల్ బదులు బిల్లు మొత్తం వెనక్కి ఇస్తామంటే, జీఎస్టీతో సహా క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించినట్టు అమ్మినవారు ఇచ్చే కాగితం) అడగండి.

ప్రశ్న వేసినవారి తిరుగు జవాబు: శ్రీకాకుళం బోర్డులు

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయన చెప్పినట్టే నిన్న టెక్కలి, ఆమదాలవలస రెండూ వెళ్లి వచ్చాను. కొన్న రకం మోనోమెరిక్కే, కానీ దాని పత్రంలో 0.4 మిల్లీమీటర్ల లోపు అని ఉంది; నేను కొలిచిన చోట్ల 0.7 నుంచి 1 మిల్లీమీటరు వరకు వచ్చింది. మూల లాగితే ఫిల్మ్ వచ్చింది, జిగురు కొంత దానితోనూ, కొంత షీటు మీదా మిగిలింది, కాబట్టి ఆ పరీక్ష నాకు తేల్చి చెప్పలేదు.

గీతలు మాత్రం తేల్చాయి. దుకాణం పేరులోని అక్షరాలన్నింటికీ కుడి ఎడమల నల్ల గీత ఉంది, పైనా కిందా దాదాపు లేదు. పొడిగా వేసిన అక్షరాలకూ, తడిగా వేసిన ప్లస్ గుర్తుకూ ఒకే తీరు. ఇంతలో మా కుర్రాడు ఆమదాలవలస బోర్డు కింద వరుసలోని ఫోన్ నంబరు చూపించి, "బాబూ, దీనికి మాత్రం పైనా కిందా లాగిందేటి?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. సరుకు మిగల్చాలని ఆ రోజు ఫోన్ నంబరు ముక్కను రోల్‌కు అడ్డంగా తిప్పి కోశాను. ఒకే బోర్డు, ఒకే చేయి, ఒకే రోజు, ఒకే తేమ. తిప్పి కోసిన వరుస మాత్రం తిరిగిన దిశలోనే ముడుచుకుంది. స్కేలు పక్కన పెట్టి రెండు వరుసలూ ఒకే ఫొటోలో వచ్చేలా తీశాను.

అట్ట గొట్టాలు రెండూ దొరికాయి, ఒకదానిలో కుర్రాళ్లు పతంగి కాగితాలు దాచుకున్నారు. రెండింటి బ్యాచ్ నంబర్లు వేరు. ప్లాటర్ (వినైల్ అక్షరాలు కోసే యంత్రం) కంప్యూటర్‌లో ఫైళ్ల తేదీలు చూస్తే శ్రీకాకుళం 5 బోర్డులూ, ఆమదాలవలసలో బాగున్న ఒకటీ మొదటి రోల్‌లోవి, పాడైన 8 రెండో రోల్‌లోవి. రెండో రోల్‌లో ఇంకా రెండు మీటర్ల పైచిలుకు మిగిలి ఉంది, దాన్ని చుట్టి, టేపు వేసి, తేదీ రాసి బీరువాలో పెట్టాను.

ఇవన్నీ కలిపి డిస్ట్రిబ్యూటర్‌కు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో, కంపెనీకి ఈమెయిల్‌లో పంపాను. ఈరోజు సాయంత్రం కంపెనీ నుంచి ఫోన్ చేసి, గురువారం టెక్నికల్ మనిషి ఆమదాలవలస వస్తారని చెప్పారు. పరంజా కూలి గురించి అడిగితే, అది పైవాళ్లతో మాట్లాడాలి అన్నారు. ఆయన వచ్చే వరకు ఆ ఫోన్ నంబరు వరుసను గీకవద్దని మందుల దుకాణం వారిని బతిమాలుకున్నాను.