ఉద్యోగం మారుతున్నాను: కంపెనీ బీమా ఇస్తుంటే సొంత పాలసీ దండగేనా?

కావలి కుర్రవాడు:
కృష్ణపట్నం దగ్గర ఉద్యోగం మానేసి చెన్నైలో చేరబోతున్నాను. రెండు నెలల నోటీసు ఇప్పుడే మొదలైంది. పాత కంపెనీ ఆరోగ్య బీమా చివరి పనిరోజుతో ఆగిపోతుంది. కొత్తచోట చేరడానికి మధ్యలో ఇరవై రోజుల ఖాళీ. అక్కడ నాకు, భార్యకు, ఇద్దరు పిల్లలకు, అమ్మానాన్నలకు కలిపి 5 లక్షల బీమా ఇస్తామన్నారు. నాన్నకు 63 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి. కంపెనీ ఇస్తుంటే మళ్లీ కట్టడం దండగ అంటున్నారు మా మామయ్య. నిజమేనా?

పొదలకూరు నిమ్మతోట:
మీ మామయ్య మాటే నా మాట. ఏటా పాతిక వేలు బ్యాంకులో వేసుకోండి, పదేళ్లకు వడ్డీతో సహా మీ దగ్గరే ఉంటుంది. బీమావాళ్లు కట్టించుకునేటప్పుడు బాబూ అంటారు, ఇచ్చేటప్పుడు వంకలు వెతుకుతారు. పెద్ద ఆపరేషన్లకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉండనే ఉంది.

ట్రంకురోడ్డు:
నిమ్మతోట గారూ, వైద్య సేవ జాబితాలో ఉన్న చికిత్సలకు, అనుబంధ ఆసుపత్రుల్లోనే వర్తిస్తుంది. ఇక బ్యాంకు లెక్క. రెండో ఏడే గుండెకు స్టెంటు పడితే ఖాతాలో ఉండేది యాభై వేలు.

కుర్రవాడు గారూ, కంపెనీ బీమా మీది కాదు, ఆ కుర్చీది. కుర్చీ దిగితే పోతుంది. సొంత పాలసీలో ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు ఏ జబ్బుకూ డబ్బు రాదు. హెర్నియా, కంటి శుక్లం లాంటి వాటికి సాధారణంగా రెండేళ్లు ఆగాలి. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు. 2024 ఏప్రిల్‌కు ముందు ఇది నాలుగేళ్లు ఉండేది. ఇప్పుడే కొంటే ఆ 30 రోజులు నోటీసులోనే గడిచిపోతాయి, మీ ఇరవై రోజుల ఖాళీలో బీమా పనిచేస్తుంది. ఉద్యోగం మానాక కొంటే ఆ ఖాళీ అలాగే ఉంటుంది. నలభై అయిదేళ్లకు షుగరు వచ్చాక కొందామంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఒంగోలు లెక్కలు:
తొందరలో నాన్నగారిని మీ ఫ్లోటర్‌లో, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే ఒకే పాలసీలో, కలపకండి. చాలా పాలసీల్లో ప్రీమియం అందరికంటే పెద్దవారి వయసును బట్టి పడుతుంది. కంపెనీ బీమాల్లో చాలావాటికి పాత జబ్బులు మొదటి రోజు నుంచే వర్తిస్తాయి, ఆయనకు అదే మేలు. కొత్త కంపెనీని ఆ సంగతి రాతపూర్వకంగా అడగండి. ఇంకొకటి, పాత కంపెనీకి బీమా ఇచ్చిన సంస్థలోనే సొంత పాలసీకి మారే వీలుంటుంది. పాత బీమాలో ఇప్పటికే గడిచిన నిరీక్షణ కాలం (జబ్బులకు ఆగాల్సిన గడువు) ఆ బీమా మొత్తం మేరకు కలిసొస్తుంది. అయితే వాళ్లు ఆరోగ్యం చూసి కాదనవచ్చు కూడా. చివరి పనిరోజు దాటకముందే అడగాలి.

ఖర్చు తగ్గాలంటే 5 లక్షల పైన మాత్రమే ఇచ్చే సూపర్ టాప్-అప్ చాలు. కింది 5 లక్షలు కంపెనీ చూసుకుంటుంది.

ట్రంకురోడ్డు:
అక్కడే తేడా వస్తుంది మాస్టారూ. ఉద్యోగం పోయిన నెలలో ఆసుపత్రిలో చేరితే ఆ కింది 5 లక్షలు ఎవరు చూసుకుంటారు? చిన్నదైనా మూల పాలసీ ఉండాలి, టాప్-అప్ దాని మీద. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు.

చీమకుర్తి:
ఎక్కడ కొన్నా గది అద్దె షరతు చూడండి. మా బావగారి పాలసీలో రోజుకు 3,000 పరిమితి. ఆయన చేరింది 6,000 గదిలో. తేడా కట్టేస్తే సరిపోతుందనుకున్నాం. బిల్లింగ్ కౌంటర్‌లో కాగితం చూస్తే డాక్టర్ ఫీజు, థియేటర్ ఛార్జీలు అన్నీ సగానికి కోసేశారు. మందులు మాత్రం కోయలేదు. ఇంకో మెలిక కూడా ఉంది. కొన్ని పాలసీలు నెల్లూరు చిరునామాకు తక్కువ ప్రీమియం వేస్తాయి, మహానగరంలో చేరితే బిల్లులో కొంత శాతం మన నెత్తిన పెడతాయి. పెద్ద జబ్బంటే మనవాళ్లు చెన్నై రైలే ఎక్కుతారు కదా.

పొదలకూరు నిమ్మతోట:
చూశారా! ఇన్ని మెలికలు మీరే చెబుతున్నారు. నేనన్నదీ అదే.

ట్రంకురోడ్డు:
మెలికలున్నాయని పొలం రిజిస్ట్రేషన్ మానేస్తామా? చదివి కొంటాం. పత్రం చేతికొచ్చాక 30 రోజుల్లో నచ్చలేదని వెనక్కి ఇచ్చేయవచ్చు కూడా.

కావలి కుర్రవాడు:
నాకు, భార్యకు, పిల్లలకు ఈ వారమే తీసుకుంటాను. నాన్న కంపెనీ బీమాలోనే ఉంటారు. మరి నా భార్యకు థైరాయిడ్ ఉంది. ఫారంలో రాయొద్దు, ప్రీమియం పెరుగుతుందని ఏజెంటు అంటున్నాడు.

ట్రంకురోడ్డు:
రాయండి. అయిదేళ్లు వరుసగా కట్టాక మోసం రుజువైతే తప్ప దాచారని క్లెయిమ్ కాదనలేరు, నిజమే. కానీ ఆ అయిదేళ్లలోపు క్లెయిమ్ పెడితే బీమావాళ్లు ఆసుపత్రి పాత చీటీలన్నీ అడుగుతారు, దాచిన సంగతి బయటపడితే క్లెయిమ్ కాదనవచ్చు. ఏజెంటు చేత నింపించకండి, ఫారం మీరే నింపి, సంతకానికి ముందు ఆమె చేత కూడా చదివించండి.