పాత బస్సుని క్యాంపర్ (చక్రాల మీద ఇల్లు) చేసి వెనక భాగంలో కారు ఎక్కించుకోవడం మంచిదా, ట్రెయిలర్ పెట్టుకోవడం మంచిదా?

పాతబస్సు:
అందరికీ నమస్తే. సర్వీసు నుంచి తీసేసిన 12 మీటర్ల బస్సు కొన్నాను. ఇంజిన్ ముందు ఉంది, కింద లారీ ఛాసిస్ లాంటిదే, వీల్‌బేస్ (ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం) 6 మీటర్లు. సీట్లన్నీ పీకేశాం. ముందు భాగం ఇల్లు, చివరి 3 మీటర్లు కారుకి అనుకుంటున్నా. కారు చిన్నదే, పొడవు 2.7 మీటర్లు, వెడల్పు 1.56, బరువు 900 కిలోలు వేసుకోండి. వెనక ఎమర్జెన్సీ డోర్ ఉన్న గోడ మొత్తం కోసేసి కిందికి వాలే ర్యాంపు తలుపు పెడితే కారు నేరుగా లోపలికి ఎక్కుతుంది, కారు పైన మంచం వేసుకోవచ్చు. మా ఇంట్లోవాళ్లేమో ట్రెయిలర్ పెట్టుకోమంటున్నారు. ఇలాంటి పని చేసినవాళ్లు, దగ్గరుండి చూసినవాళ్లు కాస్త చెప్పండి.

ఇంటిచక్రాలు:
కళ్లు మూసుకుని లోపల పెట్టేయండి. నేను లారీలో ఇల్లు కట్టుకుని అందులోనే ఉంటున్నా, కారు కూడా లోపలే. జర్మనీలో ఫోల్క్‌నర్ వాళ్లు రెండు ఇరుసుల మధ్య, ఇంటి ఫ్లోర్ కిందే కారు పట్టే చిన్న గది చేసి, అది పక్కకి జారి బయటికొచ్చేలా ఎప్పటి నుంచో చేసి అమ్ముతున్నారు. అంటే కుదరని పనేం కాదు. ట్రెయిలర్‌తో మలుపు తిరగడం ఒక బాధ, రివర్స్ తీయడం ఇంకో బాధ, రాత్రి ఎక్కడ ఆపినా కారు మీద ఒక కన్నేసి పడుకోవాలి.

ఛాసిస్‌మేస్త్రి:
ఫోల్క్‌నర్ బండీ ఈయన బస్సూ ఒకటి కాదండి. అక్కడ ఛాసిస్‌ దగ్గరే ఆ గది కోసం డిజైన్ చేస్తారు, కారు రెండు ఇరుసుల మధ్యలో కూర్చుంటుంది. ఈయన పెడతానంటున్నది వెనక ఇరుసు దాటాక. అసలు సంగతంతా అక్కడే ఉంది.

లెక్క చూడండి. కారు బరువు మధ్యబిందువు వెనక ఇరుసుకి 1.8 మీటర్ల వెనక పడిందనుకుందాం. 900 కిలోల కారు వెనక ఇరుసు మీద వేసే బరువు 900 కాదు, 1170. ఎందుకంటే తూగుడుబల్ల లాగా వెనక నొక్కితే ముందు లేస్తుంది, ముందు ఇరుసు మీద నుంచి 270 కిలోలు తగ్గిపోతాయి. దానికి తోడు ర్యాంపు తలుపు ఒక 150 కిలోలు, అది ఇరుసుకి మూడున్నర మీటర్ల వెనక వేలాడుతుంది. రెండూ కలిపితే వెనక 1400 పైన ఎక్కువ, ముందు 350 పైన తక్కువ. ముందు చక్రాలు తేలికైతే తడి రోడ్డు మీద స్టీరింగ్ మాట వినదు, బ్రేకు కొడితే ముందు టైర్లు జారతాయి. మొత్తం బరువు పరిమితి లోపలే ఉంది కదా అని చాలామంది సంబరపడతారు, ఒక్కో ఇరుసు మీద ఎంత పడుతోందో ఎవరూ తూయించరు.

గాలివాటం:
బస్సు లోపల ఎత్తు ఎంత? 1.9 అనుకున్నా కారు 1.55 పోతే 35 సెంటీమీటర్లు. అందులో పరుపు వేసి మనిషి ఎలా పడుకుంటాడు?

పాతబస్సు:
టాప్ అర మీటరు లేపుదాం అనుకుంటున్నాం. వెనక ఇరుసు దాటాక ఫ్లోర్ కూడా కాస్త దించొచ్చని షెడ్డులో చెప్పారు.

ఛాసిస్‌మేస్త్రి:
టాప్ లేపుతారు, వెనక గోడ తీసేస్తారు, ఫ్లోర్ దించుతారు. ఇంకేం మిగిలిందండి ఆ బాడీలో? వెనక గోడ ఊరికే మూతలాగా ఉండదు, బస్సు గుంతలో పడి మెలి తిరగబోతే పట్టి ఉంచేది అదే. దాన్ని తీస్తే దాని చోట బలమైన ఫ్రేము రావాలి, ఆ బలం కిందికి ఛాసిస్‌లోకి దిగాలి. మా షెడ్డుకి ఒకాయన ఇదే పని మీద వచ్చాడు. ఫ్రేము లేకుండా కోయను అన్నాను, బరువు పెరుగుతుంది వద్దన్నాడు. ఇంకో చోట కోయించుకున్నాడు. కొన్నాళ్లకి చివరి కిటికీ మూల దగ్గర రేకు చీలింది, వెంట్రుక మందం గీతలా మొదలై కిటికీ కింద దాకా పాకింది. ఆ బండిని అంతకుముందు నేను వేరే పనికి ముట్టుకున్నాను కాబట్టి వెల్డింగ్ నాదేనని అందరికీ చెప్పుకుని తిరిగాడు. నా పేరు పోయింది. అందుకే ఎవరైనా వెనక గోడ కోస్తాం అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంటిచక్రాలు:
ఎవడో ఒకడు తప్పుగా కోయించాడని అందరూ కారుని బయట లాక్కుంటూ పోవాలా? మీ లెక్క నేను కాదనట్లేదు, కానీ సగమే చెప్పారు. నీళ్ల ట్యాంకు ముందు ఇరుసుకి ఒక మీటరు వెనక పెట్టి 400 లీటర్లు నింపితే ముందు 333 కిలోలు తిరిగొస్తాయి. బ్యాటరీలు కూడా ముందుకే. పైగా ఈ బస్సు 50 మందిని మోసిన బండి, మనిషికి 70 వేసుకున్నా 3500 కిలోలు, వాళ్ల సామాన్లు వేరే. అంత మోసిన ఛాసిస్‌కి చిన్న కారు ఒక లెక్కా?

లెక్కలమాస్టారు:
50 మంది బస్సు పొడవునా కూర్చుంటారు. కారు నాలుగు చోట్లే నిలబడుతుంది, ఒక్కో టైరు కింద 200 కిలోల పైన, అదీ కింద అడ్డపట్టీ లేని చోట ప్లైవుడ్ మీద అయితే కుంగుతుంది. టైర్లు నిలబడే రెండు వరసల్లో స్టీలు పట్టీలు వేసి బరువుని ఛాసిస్ మీదికి దింపాలి. ఇంకోటి, నీళ్లు వాడేకొద్దీ ట్యాంకు ఖాళీ అవుతుంది, అప్పుడు ముందు మళ్లీ తేలికవుతుంది.

ఇంటిచక్రాలు:
వాడిన నీళ్ల ట్యాంకు కూడా దాని పక్కనే పెట్టండి. నీళ్లు ఇందులోంచి అందులోకి పోతాయి, బరువు ముందే ఉంటుంది. నేను చేసింది అదే.

ఛాసిస్‌మేస్త్రి:
ఆ రెండో ట్యాంకు ఖాళీ చేసి, మంచినీళ్లు పట్టుకోకుండా బయల్దేరిన రోజు?

ఇంటిచక్రాలు:
పట్టుకునే బయల్దేరతాం.

సందేహి:
ర్యాంపు ఎంత పొడవు ఉండాలి?

లెక్కలమాస్టారు:
ఫ్లోర్ నేల నుంచి 1.1 మీటర్ల ఎత్తు అయితే 15 డిగ్రీల వాలుకి 4.25 మీటర్లు కావాలి, 10 డిగ్రీలకి 6 మీటర్లు దాటుతుంది. అంత తలుపు పెట్టలేరు, మడతపెట్టే ర్యాంపు అవ్వాలి. వెనక ఫ్లోర్ 70 సెంటీమీటర్లకి దించితే 15 డిగ్రీలకి 2.7 చాలు. ర్యాంపు అయిపోయి ఫ్లోర్ మొదలయ్యే మలుపు దగ్గర కారు కడుపు గీసుకుంటుంది, చిన్న కారుకి చక్రాల మధ్య దూరం తక్కువ కాబట్టి కొంత నయం. ర్యాంపు పొడవు ఇంకా తగ్గించడానికి వెనక ఫ్లోర్ అంతకంటే కిందికి దించుతానంటే మాత్రం వద్దు, మిట్ట ఎక్కేటప్పుడు తోక నేలకి కొట్టుకుంటుంది.

పాతబస్సు:
కారుని ఇంజిన్‌తో ఎక్కించాలా, వించ్‌తో (తాడు చుట్టుకుంటూ లాగే మోటారుతో) లాగాలా?

ఇంటిచక్రాలు:
వించ్. ఇంజిన్‌తో ఎక్కిస్తే పొగంతా ఇంట్లోకే. ఇంకో సంగతి, లోపల రెండు పక్కలా ముప్పై, నలభై సెంటీమీటర్లే మిగులుతాయి, డోర్ సగం కూడా తెరుచుకోదు, మీరు కారులోంచి దిగలేరు. చక్రాలకి బెల్టులు వేయండి, బాడీకి వేయొద్దు. బాడీ స్ప్రింగుల మీద ఊగుతుంది కాబట్టి బెల్టు వదులవుతుంది.

లెక్కలమాస్టారు:
బెల్టులు, కొక్కేలు ముందుకి కారు బరువులో 80 శాతం ఆపేలా ఉండాలి, పక్కలకీ వెనక్కీ 50 శాతం. సరుకు కట్టడానికి యూరప్‌లో వాడే లెక్క ఇదే. అంటే గట్టిగా బ్రేకు కొడితే 720 కిలోల తోపుడు, ఆ కారుకి ముందు ఉన్నది మీ ఇంటి గోడ.

గాలివాటం:
ఇంత బాధ ఎందుకు, కారుని నాలుగు చక్రాల మీదే వెనక కట్టి లాక్కుపోవచ్చు కదా.

ఇంటిచక్రాలు:
ఆ పని చేసే నా పాత కారు పోయింది. ఆటోమేటిక్ బండి, న్యూట్రల్‌లో పెట్టి లాగితే ఏం కాదని కొక్కెం బిగించిన షెడ్డువాడు చెప్పాడు. ఇంజిన్ ఆగి ఉంటే చాలా ఆటోమేటిక్‌లలో గేర్‌బాక్సులోకి ఆయిల్ కొట్టే పంపు తిరగదు, చక్రాలేమో లోపలి పళ్లని తిప్పుతూనే ఉంటాయి. ఆయిల్ తీసి చూస్తే నల్లగా మాడు వాసన, అడుగున ఇనుప రజను. ఆ షెడ్డువాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. ట్రెయిలర్, తాడు, కొక్కెం అనే మాటలు నా దగ్గర ఎత్తకండి.

ఛాసిస్‌మేస్త్రి:
అది గేర్‌బాక్సు కథ. నాలుగు చక్రాలూ ట్రెయిలర్ మీదికి ఎక్కితే గేర్‌బాక్సు తిరగనే తిరగదు. ఒక దానికి ఒకటి ముడేసి మాట్లాడతారేంటి? మీ సరదా మీది, కానీ ముందు చక్రాలు తేలిన బస్సు ఎదురొచ్చేది మా మీదికి.

ఇంటిచక్రాలు:
సరదా అంటారేంటండీ? నాకు వేరే ఇల్లు లేదు. అది సరదాకి తిరిగే బండి కాదు, నేను బతికే చోటు. మీలాంటివాళ్లు ప్రతిదానికీ కాదు, కుదరదు, పగులుతుంది అనబట్టే జనం పనికిరాని షెడ్లకి పోయి కోయించుకుంటున్నారు. ఆ ఒకాయన కూడా మీరు పొమ్మనబట్టే కదా పోయింది.

ఛాసిస్‌మేస్త్రి:
నేను పొమ్మనలేదు. ఫ్రేము వేస్తేనే కోస్తానన్నాను. చదివి మాట్లాడండి.

నిదానంగా:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. పాతబస్సు గారూ, వెనక ఎమర్జెన్సీ డోర్ పోతోంది, అక్కడ కారు నిలబడుతోంది, కారు పైన మంచం. ఆ మంచం మీద పడుకునేది ఎవరు? అసలు కారు వెంట ఎందుకు, వెళ్లిన చోట అద్దెకి తీసుకోకూడదా?

పాతబస్సు:
ముందే చెప్పాల్సింది కాదేమో అనుకున్నా. మా నాన్నకి వెన్నెముక దెబ్బ తగిలి కాళ్లు పనిచేయవు. ఆ కారుకి బ్రేకు, యాక్సిలరేటర్ చేతితో నొక్కేలా మీటలు పెట్టించాం. అలాంటిది వెళ్లిన ప్రతిచోటా అద్దెకి దొరకదు. ఆయన ఒకరి సాయం లేకుండా వెళ్లగలిగేది ఆ కారులోనే. ఆ పై మంచం కూడా ఆయనకే, ఎక్కడానికి చిన్న లిఫ్టు పెడదాం అనుకున్నాం.

ఛాసిస్‌మేస్త్రి:
కాళ్లు కదలని మనిషిని పెట్రోల్ ట్యాంకు పైన పడుకోబెడతారా? దిగడానికి లిఫ్టు, దానికి కరెంటు, ఉన్న వెనక తలుపుకి కారు అడ్డం. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, కింద ఫ్లోర్ మీద పేరుకుంటుంది. గాలిలో 1.4 శాతం చేరితే చాలు, ఫ్రిజ్ లోపలి స్విచ్ నిప్పురవ్వ కొట్టినా అంటుకుంటుంది. ఇప్పటిదాకా ఇరుసు గురించి అరిచాను, దానికి ఏదో దారి ఉంటుంది. దీనికి మాత్రం ఒప్పుకోను. ట్రెయిలర్ అంటున్నది ఇందుకే, పెట్రోల్ బయట ఉంటుంది.

ఇంటిచక్రాలు:
మంచం విషయంలో మీరన్నదే నా మాట కూడా. నేనూ కారు పైన పడుకోను. నాకూ కారుకీ మధ్య అతుకులన్నీ సీలు చేసిన స్టీలు గోడ ఉంది, గోడలో తలుపు లేదు, కారు గదికి నేల దగ్గర బయటికి గాలి పోయే జాలీలు ఉన్నాయి. కానీ ట్రెయిలర్ దగ్గర ఒప్పుకోను. వర్షంలో, చీకట్లో ట్రెయిలర్ బెల్టులు విప్పి కారు దించేది ఆ పెద్దాయన కాదు, ఎవరో ఒకరు దించి పెట్టాలి. అప్పుడు ఆ కారు ఉండీ ఏం లాభం?

నిదానంగా:
లోపల పెట్టినా వించ్ నడిపి, బెల్టులు విప్పేది ఇంకొకరే కదా. కారులోనే కూర్చుని ఎక్కించడం కుదరదని మీరే చెప్పారు.

ఇంటిచక్రాలు:
వించ్‌కి రిమోట్ ఉంటుంది. చక్రం కింద తనంతట తాను పట్టేసే బిగింపులు చేయించొచ్చు.

ఛాసిస్‌మేస్త్రి:
చేయించొచ్చు, చేయించొచ్చు. ముందు ఆయన్ని అడిగారా, ఆయనకి ఎక్కడ పడుకోవాలని ఉందో?

పాతబస్సు:
అడగలేదు. ఇది చదివి వినిపించాను. కారు లోపలే ఉండాలన్నారు, వానలో నానితే చేతి మీటలు బిగుసుకుంటున్నాయట, అది మాకెప్పుడూ చెప్పలేదు. మంచం మాత్రం ముందు తలుపు పక్కన, వీల్‌చైర్ ఎత్తుకి సమానంగా వేయమన్నారు.

సందేహి:
ఎలక్ట్రిక్ కారు అయితే ఈ పెట్రోల్ గొడవ ఉండదు కదా?

లెక్కలమాస్టారు:
ఆవిరి ఉండదు. కానీ లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం, లోపల పెట్టి రాత్రంతా చార్జింగ్ పెట్టడం మంచిది కాదు. మధ్యలో గోడ, బయటపడటానికి రెండో దారి దానికీ కావాలి.

ఛాసిస్‌మేస్త్రి:
సరే, కారు లోపలే అంటే వినండి. ఇంకా ఏమీ కట్టకముందే ఖాళీ బస్సుని తూకానికి తీసుకెళ్లి ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి తూయించండి. ఛాసిస్ ప్లేటు మీద ఒక్కో ఇరుసుకి ఎంత రాసి ఉందో ఫోటో తీయండి. ఎమర్జెన్సీ దారి ఇంటి భాగంలోనే పక్క గోడకి రావాలి, ఆయన్ని వీల్‌చైర్‌తో సహా దించగలిగేంత వెడల్పు ఉండాలి. వెనక గోడ కోసే ముందు ఫ్రేము వెల్డింగ్ అయిపోవాలి, కోసిన తర్వాత కాదు. లెక్క చూశాక వెనక ఇరుసు మీద బరువు ప్లేటు మీద రాసినదాన్ని దాటిపోతోందని తేలితే ట్రెయిలరే, అప్పుడు నన్ను తిట్టుకోవద్దు.

ఇంటిచక్రాలు:
దాటితే చిన్న లారీ చూసుకోండి, ట్రెయిలర్ వద్దు.

పాతబస్సు:
సోమవారం తూయిస్తా. చీటీ, ప్లేటు ఫోటో రెండూ ఇక్కడే పెడతాను.