కాలనీ డైరెక్టరీలో మా అత్తయ్య సెల్ నంబరు వేశారు, తీయించడం ఎలా?

ప్లాట్ 63 కోడలు:

హైదరాబాద్‌లో వనస్థలిపురం వైపు ఒక పాత కాలనీ మాది. అన్నీ ఇండిపెండెంట్ ఇళ్లు, సగం ఇళ్లలో రిటైరైనవాళ్లే. పోయిన ఉగాదికి మా సంక్షేమ సంఘం ఒక డైరెక్టరీ వేసింది. ప్లాట్ నంబరు, ఇంట్లోవాళ్ల పేర్లు, ఎవరు ఏ ఉద్యోగం చేశారు, బ్లడ్ గ్రూపు, అందరి సెల్ నంబర్లు. వెనక అట్ట మీద స్వీట్ షాపు ప్రకటన. పుస్తకంతో ఆగి ఉంటే నేను ఇక్కడ ఇంత రాసేదాన్ని కాదు. దాని పీడీఎఫ్‌ని వాట్సాప్ గ్రూపులో పెట్టారు, ఆ తర్వాత సంఘం వెబ్‌సైట్‌లోకీ ఎక్కించారు. ఇప్పుడు అత్తయ్య పేరూ కాలనీ పేరూ కలిపి గూగుల్‌లో కొడితే ఆవిడ నంబరు వచ్చేస్తోంది. పక్కనే "విశ్రాంత ఉపాధ్యాయిని" అని కూడా.

లైఫ్ సర్టిఫికెట్ల సీజన్‌లో ఆవిడకు ఒక ఫోన్ వచ్చింది. "టీచర్‌గారూ, ట్రెజరీ నుంచి మాట్లాడుతున్నాం, మీ సర్టిఫికెట్ ఎక్కలేదు, వచ్చే నెల పెన్షన్ ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి" అని. ఆవిడ ముందు అనుమానపడ్డారట. "ప్లాట్ 63 కదండీ?" అనేసరికి నిజంగా ఆఫీసువాళ్లే అనుకున్నారు. ఓటీపీ చదవడానికి కళ్లజోడు వెతుక్కుంటుంటే నేను చూసి ఫోన్ లాక్కున్నాను. డబ్బు పోలేదు. వాడికి నంబరు మా డైరెక్టరీ నుంచే దొరికిందని రుజువు చేయలేను. కానీ పేరు, పాత ఉద్యోగం, ప్లాట్ నంబరు మూడూ ఒకేచోట ఇంకెక్కడ ఉన్నాయి?

సంఘం అధ్యక్షుడు మా మామయ్యగారి స్నేహితుడు, చాలా మంచివారు. వెళ్లి అడిగితే, "ఒకప్పుడు టెలిఫోన్ డైరెక్టరీలో ఊరందరి నంబర్లూ ఉండేవి కదమ్మా, అప్పుడు రాని ప్రైవసీ టెన్షన్ ఇప్పుడెందుకు?" అన్నారు. ఆ ప్రశ్నకు నాకు జవాబు తట్టలేదు. పైగా మామయ్యగారు బాత్రూమ్‌లో జారిపడ్డ రోజు ఆ పుస్తకం చూసే ప్లాట్ 41లో ఉండే డాక్టర్‌గారికి ఫోన్ చేశాను. అందుకే అసలు వద్దని కూడా అనలేకపోతున్నాను.

వచ్చే ఉగాదికి మళ్లీ వేస్తారట, ఫారాలు పంచబోతున్నారు. వెబ్‌సైట్ నుంచి తీయమని అడిగే హక్కు మాకుందా? ఆ పెద్దాయనకు ఏం చెప్పాలి?

పాత టెలిఫోన్స్:

అమ్మా, ఆ పెద్దాయనకు జవాబు నేను చెబుతాను. ఆ లావుపాటి డైరెక్టరీలు ఇంటింటికీ పంచిన డిపార్ట్‌మెంట్‌లోనే నా సర్వీసంతా గడిచింది.

ఆ పుస్తకంలో వెతకాలంటే ముందు మనిషి పేరు తెలియాలి. పేరు తెలిస్తే నంబరు దొరుకుతుంది, అంతే. నంబరు పట్టుకుని మనిషిని వెతకడం మామూలువాళ్లకు కుదిరేది కాదు. నంబర్లు చెప్పే ఎంక్వైరీ 197కి ఫోన్ చేసినా పేరు చెబితేనే నంబరు చెప్పేవాళ్లం. ఇంకో సంగతి, అది ఇంటి నంబరు. ఫోన్ హాల్లో స్టూలు మీద ఉండేది, ఎవరు దగ్గరుంటే వాళ్లు ఎత్తేవారు. చాలా ఇళ్లలో తాతగారు పోయి ఏళ్లయినా డైరెక్టరీలో ఆయన పేరే ఉండేది. ఏ బ్యాంకూ ఆ నంబరుకు ఓటీపీ పంపేది కాదు. ఊళ్లోవాళ్ల నంబర్లన్నీ కాపీ చేసుకోవాలంటే ఎవరో ఒకరు కూర్చుని చేత్తో రాసుకోవాల్సిందే. ఆ బద్ధకమే అప్పట్లో మనకు కాపలా.

సెల్ నంబరు సంగతి పూర్తిగా తిరగబడింది. దాన్ని యూపీఐ యాప్‌లో కొడితే చాలాసార్లు బ్యాంకులో ఉన్న అసలు పేరు కనపడుతుంది. వాట్సాప్‌లో సెట్టింగ్ మార్చుకోకపోతే ఫొటో కనపడుతుంది. ట్రూకాలర్‌లో అయితే ఎవరెవరో మన నంబరును ఏ పేరుతో సేవ్ చేసుకున్నారో దాన్నిబట్టి పేరు వస్తుంది. 2011 జనవరిలో దేశమంతా పోర్టబిలిటీ వచ్చాక కంపెనీ మారినా నంబరు మారడం లేదు. అంటే ఒకసారి బయటపడ్డ నంబరు జీవితాంతం మన వెంటే. ల్యాండ్‌లైన్ నంబరు వీధి గుమ్మమైతే ఇది బీరువా తాళంచెవి. గుమ్మం అడ్రసు ఊరందరికీ చెప్పాం కాబట్టి తాళంచెవీ ఇద్దామంటే ఎలా? మీ పెద్దాయనకు ఇదే చెప్పండి, నా పేరు చెప్పినా పర్వాలేదు.

ఎల్బీనగర్ అడ్వొకేట్:

హక్కు గురించి అడిగారు కాబట్టి ఆ ఒక్కటే చెబుతాను. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అయితే సమ్మతికి సంబంధించిన ముఖ్యమైన బాధ్యతలు అప్పట్నుంచి 18 నెలలకు, అంటే 2027లో అమల్లోకి వచ్చేలా పెట్టారు. కాబట్టి ఇప్పటికిప్పుడు సంఘం మీద ఈ చట్టం కింద జరిమానా వేయిస్తానని బెదిరించకండి, నిలబడదు.

కానీ దారి ఎటుందో తెలుసుకోవడం మంచిది. చట్టం కంపెనీలకే కాదు, సంఘాలకూ వర్తిస్తుంది. "మాది కాగితం పుస్తకమే కదా" అనడానికీ లేదు. కాగితం మీద తీసుకున్న వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే అవీ చట్టం పరిధిలోకి వస్తాయి. సమ్మతి దేనికి అడిగారో దానికే చెల్లుతుంది. అత్యవసరానికని ఇచ్చిన నంబరును వెబ్‌సైట్‌లో పెట్టడం వేరే పని, దానికి విడిగా అడగాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత తేలిగ్గానే ఉండాలి. ఒక మెలిక కూడా ఉంది: మన నంబరును మనమే బహిరంగంగా పెట్టుకుంటే ఈ చట్టం రక్షణ దానికి ఉండదు. ఫారం మీద సంతకం పెట్టేముందు చదవండి. అత్తయ్యగారి ఫారం మీద ఆవిడే సంతకం చేయాలి. ఇంటికొకరు అందరి తరఫునా నింపే అలవాటు మన కాలనీల్లో బాగా ఉంది.

మియాపూర్ సెక్రటరీ:

నేను సెక్రటరీని, తిట్టుకోండి పర్వాలేదు. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో పైపు పగిలి కింద ఫ్లాట్ సీలింగంతా నానిపోయింది. ఓనర్ డాలస్‌లో ఉన్నారు. ప్రైవసీ అని నంబరు ఇవ్వలేదు. తలుపు బద్దలుకొట్టాలా వద్దా అని కమిటీ అంతా మెట్ల మీద నిలబడి వాదించుకున్నాం. నంబరు ఇవ్వనివాళ్లే అర్ధరాత్రి లిఫ్ట్ ఆగితే ముందు నాకు ఫోన్ చేస్తారు, అది వేరే సంగతి.

కాబట్టి సంఘం దగ్గర నంబరు ఉండాలి, ఆ మాట మీద నేను వెనక్కి తగ్గను. ఉండటం వేరు, అచ్చు వేయడం వేరు, అంత మాత్రం ఒప్పుకుంటాను. మా దగ్గర పూర్తి జాబితా కమిటీ దగ్గర ఒకటి, సెక్యూరిటీ రూమ్ రిజిస్టర్‌లో ఒకటి ఉంటాయి. ఎవరికైనా కావాలంటే మేమే ఫోన్ చేసి "ఫలానా ఫ్లాట్‌వాళ్లు మీ నంబరు అడుగుతున్నారు, ఇవ్వమంటారా?" అని అడుగుతాం. విసుగు పనే. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, డాక్టర్ లాంటివాళ్లు మాత్రం మా నంబరు వేయండని వాళ్లే చెబుతారు.

లీడ్స్ నుంచి:

సెక్రటరీగారు చెప్పిన పద్ధతినే ఇక్కడ బ్రిటన్‌లో ఒక కంపెనీ వ్యాపారంగా పెట్టి బోల్తాపడింది. 2009లో 118 800 అని సెల్ నంబర్ల డైరెక్టరీ సర్వీసు మొదలైంది. వాళ్లు కూడా నంబరు చెప్పేవారు కాదు, అవతలి మనిషిని అడిగి ఒప్పుకుంటేనే కలిపేవారు. అయినా జనం మండిపడ్డారు. ఎందుకంటే ఆ కోటిన్నర దాకా నంబర్లను డేటా అమ్మేవాళ్ల దగ్గర కొన్నారు, మనుషుల్ని ముందు అడగలేదు. వద్దనుకుంటే మీరే వచ్చి తీయించుకోండి అన్నారు. తీయించుకోవడానికి ఎంతమంది ఎగబడ్డారంటే వెబ్‌సైట్ తట్టుకోలేకపోయింది, మొదలైన కొద్ది వారాలకే సర్వీసు ఆపేశారు.

మీ కాలనీ ఫారంలో ఇదే చూసుకోండి. "వద్దనుకునేవారు తెలియజేయగలరు" అని రాస్తే ఊరుకున్నవాళ్లందరి నంబర్లూ పుస్తకంలోకి వెళ్లిపోతాయి. "వేయమన్నవారివే వేస్తాం" అని రాయించండి.

ప్లాట్ 63 కోడలు:

అందరికీ థాంక్స్. పాత టెలిఫోన్స్ గారూ, మీ జవాబును ఫోన్‌లోనే ఆయనకు చదివి వినిపించాను. స్టూలు మీద ఫోన్ దగ్గరికి వచ్చేసరికి నవ్వారు. వెబ్‌సైట్‌లోంచి పీడీఎఫ్ తీయించారు. గూగుల్‌లో ఇంకా పాత ముక్క కనపడుతోంది. కొత్త ఫారంలో ఇంటికి ఒక్క నంబరు చాలు, అదీ ఆ ఇంటివాళ్లు ఎంచుకున్నదే. పాత ఉద్యోగం కాలమ్ కొట్టేశాం. బ్లడ్ గ్రూపు దగ్గర మాత్రం ఆయన గట్టిగా పట్టుబట్టారు. నాకది అనవసరమే అనిపిస్తుంది, ఎక్కించేముందు ఆసుపత్రివాళ్లు ఎలాగూ పరీక్ష చేస్తారు. గొడవపడలేదు. ఈ ఫారాలు పంచే పని కూడా నాకే అంటగట్టారు.

ఇంకొక్కటే సందేహం. వాట్సాప్ గ్రూపులో పోయిన ఉగాదికి పెట్టిన పాత పీడీఎఫ్ సంగతేంటి?

ఎల్బీనగర్ అడ్వొకేట్:

అది చేయి దాటిపోయినట్టే అనుకోండి. అందరికీ డిలీట్ చేసే వీలు పెట్టిన రెండున్నర రోజుల దాకానే ఉంటుంది, ఈపాటికి ఎన్ని ఫోన్లలో సేవ్ అయిందో. గూగుల్ ముక్కకు మాత్రం కాలం చెల్లిన పేజీలను తీసేయమని అడిగే ఫారం వాళ్ల దగ్గరే ఉంది, అందులో ఆ లింకు పెట్టండి.

అత్తయ్యగారికి తేలికైన దారి ఒకటుంది. కొత్త సిమ్ ఒకటి తీసుకుని బ్యాంకుకూ, పెన్షన్‌కూ, ఆధార్‌కూ దాన్నే మార్పించండి. ఆ నంబరు చుట్టాలకూ ఇవ్వొద్దు, గ్యాస్ బుకింగ్‌కూ ఇవ్వొద్దు. పాత నంబరు డైరెక్టరీలో ఉన్నా దానికి ఓటీపీ రాదు. కొత్త సిమ్‌కు రీచార్జి మాత్రం మర్చిపోకండి, వాడకుండా వదిలేస్తే నంబరును ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్లీ అలాంటి కాల్ వస్తే కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో చక్షు అనే చోట ఫిర్యాదు చేయండి. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.