3 మి.మీ. ఎస్ఎస్ ట్రే: నడుమ కోణం విప్పుకుంటోంది

గాజువాక_ట్రే:
304 గ్రేడు స్టెయిన్‌లెస్ (ఎస్ఎస్) షీటు, 3 మి.మీ., పొడవు 2.5 మీటర్లు. వి24 డై (24 మి.మీ. నోరున్న వి ఆకారపు అచ్చు), 100 టన్నుల మడత మిషను. చివర్లు 90 డిగ్రీలు వస్తున్నాయి, నడుమ 92. పైగా 12 మి.మీ. అంచు మడవబోతే షీటు డైలోకి జారిపోతోంది. కటింగు సైజులో బెండుకి ఎంత తగ్గించాలి?

వి_డై:
వి24కి 12 అంచు నిలవదండీ. డై నోటిలో 0.7 వంతు కావాలి, అంటే 17.

ఆటోనగర్_మడత:
వి16 వేస్తే 12 నిలుస్తుంది గురూ. కటింగుకి బెండుకి రెండు మందాలు తీసెయ్. 6. ఇన్నేళ్లుగా ఇదే లెక్క.

వి_డై:
వి16లో 3 మి.మీ. ఎస్ఎస్ మీటరుకి దాదాపు 56 టన్నులు అడుగుతుంది. 2.5 మీటర్లకి 140. వంద టన్నుల మిషను మీద అది వెయ్యమంటారేటి? పైనుంచి నొక్కే పంచ్ పగిలి ఎగిరితే ఆపరేటరు గతేటి? వి24లో 93తో అయిపోతుంది. 20 అంచు మడిచి, 8 కోసెయ్యండి.

కొలత_పట్టీ:
ఆ 6 వి24కి ఇంచుమించు సరే. ఎస్ఎస్‌లో లోపలి రేడియస్ డై నోటిలో ఐదో వంతు పడుతుంది. వి24లో సుమారు 6.2, వి16లో 5.5 తగ్గించాలి. రెండు డైలకీ మధ్య నాలుగు బెండ్లకి దాదాపు 3 మి.మీ. తేడా. 100 మి.మీ. పట్టీ కోసి మధ్యలో మడవండి, రెండు కాళ్లూ బయటి నుంచి కొలిచి కలపండి. వందకి పైన ఎంతొస్తే అదే మీ లెక్క.

ఆటోనగర్_మడత:
ట్రేకి 3 మి.మీ. ఎవడు చూస్తాడు?

కొలత_పట్టీ:
మూలలు వెల్డు చేసేవాడు చూస్తాడు. ఆ సందు నింపలేక షీటు వంకర తిప్పేది మీ లెక్కే.

సింహాచలం_షీటు:
మన వైజాగ్ స్టీల్ ప్లాంటు షీటైతే మెత్తగా మడుస్తుంది కదా.

కొలత_పట్టీ:
మన ప్లాంటులో వచ్చేది కడ్డీలు, వైరు రాడ్లు, స్ట్రక్చరల్సు. షీటు అక్కడ తియ్యరు.

బీచ్‌రోడ్డు_రెయిలింగు:
మైల్డ్ స్టీలు మడిచిన డై తుడవకుండా ఎస్ఎస్ పెట్టకండి. ఇనప పొడి అంటుకుంటే సముద్రపు గాలికి నెల్లాళ్లలో ఎర్ర మచ్చలొస్తాయి. సముద్రం పక్కకి 316 గ్రేడు మేలు.

గాజువాక_ట్రే:
నడుమ 92 సంగతి?

వి_డై:
93 టన్నులకి మిషను మంచం (బెడ్డు) నడుమ వంగుతోంది. ఆ వంపుని సరిచేసే క్రౌనింగ్ మిషనుకి లేకపోతే డై కింద షిమ్ము (పల్చటి రేకు) వెయ్యండి. వి24లో 0.1 మి.మీ. లోతుకి అర డిగ్రీ. నడుమ అర మీటరు మేర 0.3తో మొదలెట్టి, అటూ ఇటూ 0.15కి దించండి. తుక్కు పట్టీ మీద చూశాకే 0.4కి వెళ్లండి.