అప్‌డేట్: కారు కాదు, ఎలక్ట్రిక్ స్కూటరే తీసుకున్నాం

ఇల్లు మియాపూర్, ఆఫీసు హైటెక్ సిటీ, ఇంట్లో మేమిద్దరం, ఒక పాప. సెకండ్ హ్యాండ్ కారు కొనాలా, ఎలక్ట్రిక్ స్కూటర్ కొనాలా అని అప్పట్లో అడిగాను కదా. ఎక్కువమంది కారే అన్నారు. మేం స్కూటర్ తెచ్చుకున్నాం.

2024 నవంబరు నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు, 2026 డిసెంబరు 31 దాకా. అది బాగా కలిసొచ్చింది.

అసలు తంటా ఛార్జింగ్‌తోనే. సెల్లార్‌లో ప్లగ్ పెట్టుకుంటామంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు "మంటలొస్తే ఎవరిది బాధ్యత?" అని పట్టుబట్టారు. చివరికి మా మీటరు నుంచే విడిగా వైరు లాగించి, ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్), ఎర్తింగ్ పెట్టించి ఎలక్ట్రీషియన్ చేత చూపిస్తే ఒప్పుకున్నారు. మాది 3 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ. ఛార్జింగ్‌లో కొంత వృథా పోయినా ఫుల్ చేయడానికి నాలుగు యూనిట్లు కూడా పట్టదు. కొనేముందు షోరూమ్ కంటే ముందు సెల్లార్ చూసుకోండి.

కంపెనీ చెప్పిన రేంజ్ (ఒక్క ఛార్జ్‌తో వెళ్లే దూరం) మాత్రం నమ్మకండి. వెనక మనిషి కూర్చుని ఫ్లైఓవర్లు ఎక్కితే ఛార్జ్ చకచకా దిగిపోతుంది. ఎయిర్‌పోర్టుకైతే బండి ఊసే లేదు, అటు వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ మీదికి టూవీలర్లను రానివ్వరు. వానలో పాపతో వెళ్లాలన్నా, అత్తయ్యగారు వచ్చినా క్యాబే. ఆ ఖర్చంతా కలిపినా కారు ఈఎంఐ కంటే తక్కువే అవుతోంది.

పాపకి హెల్మెట్ దొరకడమే కష్టమైంది. చిన్న సైజు ఐఎస్ఐ మార్కుది ఎక్కడుందో తెలిస్తే చెప్పండి, ఇంకోటి కావాలి.