సబ్‌సెంటర్లో బీపీ మాత్రల డోసు ఎంఎల్‌హెచ్‌పీ (డాక్టరు కాని మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది) పెంచవచ్చా? పెంచాలంటే ఏం నేర్పాలి?

గోదావరిగట్టు:
ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. మొదలుపెట్టి నెలయింది, బీపీ ఇంకా 152/94. తర్వాత ఏం చేయాలో గోడకున్న ప్రోటోకాల్ కాగితంలోనే రాసి ఉంది. అయినా పీహెచ్‌సీకి వెళ్లమంటాం. కూలి పోగొట్టుకుని వెళ్లేవాళ్లు తక్కువ, పాత మాత్రే మింగుతూ ఉండిపోతారు. బీఎస్సీ నర్సింగ్ మీద ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ కోర్సు చేసినవాళ్లకు ఇంకో రెండు రోజుల శిక్షణ ఇచ్చి, డోసు పెంచే పని అప్పగిస్తే తప్పేంటి?

నాడి:
అసలు ఆ 152 నిజమేనా? ఎండలో నడిచొచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, జాకెట్టు చెయ్యి మీదుగానే కఫ్ చుట్టి, ‘మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా’ అని అడుగుతూ చూస్తే ఎక్కువే చూపిస్తుంది. మూత్రానికి వెళ్లొచ్చాక, వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా 5 నిమిషాలు మాటల్లేకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. మెషీన్‌తో వచ్చే మామూలు కఫ్ చాలావాటికి 22–32 సెం.మీ. చేతికే. 35 సెం.మీ. చేతికి అదే బిగిస్తే లేని బీపీ కనిపిస్తుంది. శిక్షణలో టేపు చేతికివ్వరు, స్లైడ్లు మాత్రం అరవై చూపిస్తారు!

రిజిస్టర్ చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. డిజిటల్ మెషీన్ అంకెల్లో 50 సిస్టోలిక్ (పై అంకె) రీడింగులకు సున్నాతో ముగిసేవి అయిదారుంటాయి. ముప్పై ఉంటే అవి కొలిచినవి కావు, రాసినవి. ఆ అంకెల మీద డోసు పెంచుతామా?

పీహెచ్‌సీ_వైద్యుడు:
నాడి గారి మాటే నాదీ. పైగా డోసు పెంచేముందు మూడు అడగాలి. వారంలో ఎన్ని రోజులు మాత్ర మానేశారు? స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయి? మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర ఏం తీసుకుంటున్నారు? రోజూ డైక్లోఫెనాక్ పడుతుంటే బీపీ దిగదు. దాన్ని ఆపించకుండా రెండో మందు కలపడం తప్పు.

ఆమ్లోడిపిన్ 10కి పెంచాక కాళ్లు వాస్తే, అది మందు వల్లే అని తెలియక లాసిక్స్ (మూత్రం ఎక్కువ పోయించే మాత్ర) ఇచ్చేస్తారు. ఇంకో బీపీ మందు టెల్మిసార్టన్ గర్భిణికి ఇవ్వకూడదు. కిడ్నీ జబ్బు ఉంటే క్రియాటినిన్, పొటాషియం చూడాల్సిందే. క్లోర్తాలిడోన్ అనే మరో బీపీ మందుతో ముసలివాళ్లలో సోడియం పడిపోయి నీరసం, తికమక వస్తాయి. వృద్ధులకు పెంచేముందు నిలబెట్టి కూడా చూడాలి. పై అంకె 20 తగ్గిందంటే పెంచొద్దు. ఇవన్నీ రెండు రోజుల్లో రావు.

గోదావరిగట్టు:
సార్, మీరు చెప్పినవి మహా అయితే పది ప్రశ్నలు. కాగితం మీద వేసి టిక్కు పెట్టిస్తే చాలదా? 2019 వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్ కూడా నిర్దేశించిన మందులను ప్రాథమిక వైద్యంలో సొంతంగా రాసే వీలు కల్పించింది కదా.

పీహెచ్‌సీ_వైద్యుడు:
ఆ సెక్షన్ కింద పరిమిత లైసెన్సు విడిగా ఇవ్వాలి. కోర్సు పాసైతే దానంతటదే రాదు.

మందులగది:
బీపీ గురించి ఇంత వాదిస్తున్నాం, ఇన్సులిన్ నేర్పడం ఎవరికీ పట్టదు. మి.లీ.కు 40 యూనిట్లుండే వయల్‌కు ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత. 40 వయల్ నుంచి 100 సిరంజితో 20 గీత వరకు లాగితే వెళ్లేది 8 యూనిట్లే. 100 వయల్ నుంచి 40 సిరంజితో లాగితే 50! షుగర్ పడిపోయి మనిషి పోవచ్చు. శిక్షణలో రెండు సిరంజిలూ పక్కపక్కన పెట్టి నీళ్లతో లాగించాలి.

నాడి:
నిజమే, అదే పద్ధతి బీపీకీ కావాలి. తరగతి ఒక పూట చాలు. మిగతాదంతా క్లినిక్‌లో, శిక్షకురాలి ముందు ఇరవై మందికి బీపీ చూడాలి. అది పాసైతే ఆమ్లోడిపిన్ 5 నుంచి 10 వరకు పెంచడం వాళ్లకే వదిలేయొచ్చని నేనూ ఒప్పుకుంటా. రెండో మందుకు మాత్రం ఈ-సంజీవనిలో (ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ) డాక్టరుకు కాల్ చేయాల్సిందే. కాల్ కలిసేసరికి రెండు రీడింగులు, మానేసిన రోజులు, వేరే మాత్రల పేర్లు, చివరి క్రియాటినిన్ తేదీ చేతిలో ఉండాలి.

గోదావరిగట్టు:
ఆమ్లోడిపిన్ వరకు సరే. సిగ్నల్ లేని తండాల్లో ఆ రెండో మందు సంగతేంటో కూడా చెప్పండి.