గురక మధ్యలో ఆ నిశ్శబ్దం – బెంగళూరులో స్లీప్ టెస్ట్ చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి

అనంతపురం_అబ్బాయి
అందరికీ నమస్కారం. నాకు 39 ఏళ్లు, ఉండేది కె.ఆర్.పురం దగ్గర. విషయం గురక. నవ్వకండి, మా ఇంట్లో ఇప్పటికే కావలసినంత నవ్వారు.

మా వంశంలో గురక పెట్టని మగవాడు లేడు. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేది, తర్వాత అలవాటు పడిపోయింది. పోయిన నెల ఒక రాత్రి నన్ను ఫోన్‌లో వీడియో తీసి, పొద్దున కాఫీతోపాటు ముందు పెట్టింది. గురక సంగతి తెలిసిందే గదా అనుకుంటూ చూశాను. అది పెరిగి పెరిగి ఠక్కున ఆగిపోయింది. పొట్ట ఎగిరెగిరి పడుతోంది, గాలి చప్పుడు మాత్రం లేదు. తెర కింద సెకన్లు నడుస్తున్నాయి. 10, 15, 22... 27 దగ్గర, బావిలో మునిగి పైకి తేలినవాడిలా గుర్రుమని ఒక్క ఊపిరి పీల్చి, పక్కకు తిరిగి మళ్లీ గురక. ఆరు నిమిషాల వీడియోలో ఇలా నాలుగుసార్లు. నాకు ఇందులో ఒక్కటీ గుర్తు లేదు.

మిగతావి ఇప్పుడు ఒక్కొక్కటీ కలుపుకుంటున్నాను. లేవగానే తలనొప్పి, నోరు పిడచగట్టుకుపోవడం, రాత్రి మూడుసార్లు బాత్రూమ్‌కి లేవడం (షుగరేమో అని రెండుసార్లు టెస్ట్ చేయించుకున్నా, లేదు), రెండు రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా 150కి దిగకపోవడం. సంక్రాంతికి ఊరెళ్తుంటే బాగేపల్లి టోల్ దాటాక ఒక్క రెప్పపాటు కునుకు పట్టింది. రోడ్డు అంచున గీతల మీద టైర్లు గరగరమంటే మెలకువ వచ్చింది. వెనక సీట్లో పిల్లలున్నారు.

ముందు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? టెస్ట్ ఎలా ఉంటుంది? జీవితాంతం మిషన్ పెట్టుకోవాలా?

సిల్క్‌బోర్డ్_బాధితుడు
అన్నా, ముందు హైవే మీద నువ్వు స్టీరింగ్ పట్టుకోవడం మానెయ్. తేలేదాకా ఎవరైనా నడపనీ, లేదా బస్సెక్కు. మిగతాదంతా తర్వాత.

నీది స్లీప్ యాప్నియాలా ఉంది, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం. నాకూ అదే. నాలుగేళ్లుగా సీప్యాప్ వాడుతున్నా, అంటే మాస్క్‌లోంచి ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే మిషన్. పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) దగ్గరికి వెళ్లు, ముక్కు ఎప్పుడూ బిగుసుకుపోయేటట్లుంటే ఈఎన్‌టీకి కూడా చూపించు. ఆ వీడియో డిలీట్ చెయ్యకు. నేను డాక్టర్‌కి పావుగంట చెప్పినదానికంటే మా తమ్ముడు తీసిన రెండు నిమిషాల వీడియోనే ఎక్కువ పనిచేసింది. షర్టు పైగుండీ పడుతుందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు, అంటే 16 అంగుళాల కాలర్ దాటితే అదొక గుర్తు. స్టాప్‌బ్యాంగ్ అని 8 ప్రశ్నల పట్టీ ఉంటుంది, అందులో ఇదీ ఒకటి. నువ్వు చెప్పినదాన్ని బట్టి చాలావాటికి అవుననే పెడతావు.

రాత్రి_డ్యూటీ
నేను ఇక్కడే ఒక ఆసుపత్రిలో స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. చికిత్స చెప్పడం నా పని కాదు గాని, టెస్ట్ సంగతి చెప్తాను.

రెండు రకాలు. ఇంట్లో చేసుకునేదాంట్లో ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి ఆక్సీమీటర్, అంతే. ల్యాబ్‌లో అయితే వీటికి తోడు తలకి, కళ్ల పక్కన, గడ్డం కింద, పిక్కలకి వైర్లు అంటిస్తాం. నిజంగా నిద్రపోయారా, ఏ దశలో ఉన్నారు అనేది తల మీది వైర్లే చెప్తాయి. ఇంటి మిషన్‌కి అది తెలియదు. మీరు రెండు గంటలు మేలుకుని దొర్లినా దాన్నీ లెక్కలో కలిపేస్తుంది కాబట్టి అంకె కొంచెం తక్కువ రావచ్చు.

చూసే అంకె ఏహెచ్ఐ. కనీసం 10 సెకన్లపాటు శ్వాస ఆగిపోవడం గాని, బాగా తగ్గి దాంతో ఆక్సిజన్ పడిపోవడమో మెదడు ఉలిక్కిపడడమో గాని గంటకి సగటున ఎన్నిసార్లు జరిగిందనేది అది. 5లోపు మామూలు. 5 నుంచి 15 దాకా తక్కువ, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. మీ పొట్ట ఎగిరిపడడం మంచి గమనింపు. గొంతు మూసుకుపోయినా శరీరం ఊపిరి కోసం పెనుగులాడుతోందన్నమాట. మెదడు నుంచి ఆదేశమే రాకపోతే పొట్ట కూడా కదలదు. అది వేరే రకం, దాని దారి వేరు. గుండె జబ్బున్న కొందరిలో చూస్తాం.

"ఇన్ని వైర్లతో నిద్రెలా పడుతుంది?" అని అందరూ అడుగుతారు. పదిన్నరకి అడిగినవాళ్లు పదకొండుకల్లా గురక పెడుతుంటారు. ఒక్క విన్నపం, తలకి నూనె రాసుకుని రాకండి. వైర్లు అంటుకోక అర్ధరాత్రి ఊడిపోతాయి, మళ్లీ అంటించడానికి మిమ్మల్ని లేపాలి.

యోగా_చాలు
ఇవన్నీ మిషన్లు అమ్ముకునే ఎత్తులు. మా తాత 88 ఏళ్లు గురక పెట్టి బతికాడు. భ్రామరి చెయ్యండి, ఎడమ పక్కకి తిరిగి పడుకోండి, రాత్రి అన్నం మానండి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
పక్కకి తిరిగి పడుకోవడం కొందరికి నిజంగానే పనిచేస్తుంది, కాదనను. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది. నేనూ బనీను వీపుకి జేబు కుట్టించి అందులో టెన్నిస్ బంతి పెట్టుకున్నాను, నిజం. బరువు తగ్గితే అంకె తగ్గుతుంది, రాత్రి మందు మానినా తగ్గుతుంది. గొంతు కండరాల వ్యాయామం సంగతి కూడా వింతగా ఉంటుంది. 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఆస్ట్రేలియా ఆదివాసుల డిడ్జరీడూ అనే పొడుగాటి బూరను 4 నెలలు సాధన చేసినవాళ్లకి పగటి మగత తగ్గిందట. మన అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా రాత్రి ఏడింటికి అది ఊదితే, దానికంటే గురకే నయమని పక్కింటివాళ్లు సంతకాలు పెట్టిస్తారు.

అందరి తాతలూ 88 బతకలేదు గురువు గారూ. బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు చికిత్స చేసిన డాక్టర్ ఈ అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ యాప్నియా పేరే చెప్పారు. పేపర్‌లో ఆ మాట చదివాకే నేను టెస్ట్‌కి వెళ్లింది.

నిద్రగన్నేరు
ఇది లావుపాటి మగవాళ్ల జబ్బు అనుకోకండమ్మా. నాకు 51, మనిషిని సన్నగానే ఉంటాను, గురక కూడా అంతంతమాత్రం. రెండు గంటలకి గుండె దడదడలాడుతూ మెలకువ వచ్చేది, ఇక తెల్లారేదాకా నిద్ర పట్టేది కాదు. ఒక డాక్టర్ టెన్షన్ అన్నారు. ఇంకొకరు "ఈ వయసులో ఇంతేనమ్మా" అని నిద్రమాత్ర రాశారు. ఆ మాత్రతో మర్నాడు ఇంకా మొద్దుబారిపోయేదాన్ని. బహిష్టులు ఆగిపోయాక ఆడవాళ్లలో ఇది పెరుగుతుందని, కొన్ని నిద్రమాత్రలు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయని మూడో డాక్టర్ చెప్పేదాకా తెలియదు. దవడ చిన్నగా, లోపలికి ఉన్నవాళ్లకి కూడా వస్తుందట, నాది అదే. టెస్ట్‌లో 18 వచ్చింది.

దానికి తోడు నాకు సాయంత్రమయ్యేసరికి కాళ్లలో ఏదో పాకుతున్నట్టుండి, కదిపితే తప్ప ఊరుకోనివ్వవు. నొప్పి అని చెప్పలేను, తిమ్మిరి అనీ చెప్పలేను. మంచం దిగి హాల్లో తిరిగితే పోయేది, పడుకుంటే మళ్లీ మొదలు. హిమోగ్లోబిన్ బాగానే ఉంది గాని ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 14 ఉంది. దీనికి 75 పైన ఉండాలన్నారు. ఐరన్ మొదలుపెట్టి, అన్నం తిన్న వెంటనే టీ తాగడం మానేశాను. మూడు నెలలకి కాళ్లు నా మాట వింటున్నాయి. ఐరన్ ఎవరికి వారు కొనుక్కుని మింగేది కాదు, రక్తపరీక్ష చూపించి అడగండి.

పీజీ_పక్షి
నాకు గురక లేదు బ్రో, నాది వేరే గోల. బెళ్లందూర్ పీజీలో ఉంటా, అమెరికా షిఫ్ట్, పడుకునేది పొద్దున ఏడింటికి. వారానికోసారి మెలకువ వస్తుంది గాని చెయ్యి కూడా కదలదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది, అరుద్దామంటే గొంతు రాదు. అమ్మకి చెప్తే ఆంజనేయస్వామి తాయెత్తు పంపింది. ఇదీ యాప్నియానేనా?

రాత్రి_డ్యూటీ
దాన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారు. కలలు వచ్చే దశలో శరీరం లేచి పరుగెత్తకుండా మెదడు కండరాలను ఆపేస్తుంది. మెలకువ ముందొచ్చి ఆ తాళం తర్వాత తీస్తే మీరు చెప్పినట్టే ఉంటుంది. నిద్ర చాలనివాళ్లకి, వేళలు తప్పినవాళ్లకి, వెల్లకిలా పడుకునేవాళ్లకి ఎక్కువ. కొన్ని క్షణాల్లోనో ఒకట్రెండు నిమిషాల్లోనో దానంతటదే విడిపోతుంది. పగలు కూడా ఆపుకోలేనంత నిద్ర ముంచుకొస్తుంటే మాత్రం న్యూరాలజిస్ట్‌కి చూపించండి.

రాత్రి పని నాదీ కాబట్టి చెప్తున్నా. షిఫ్ట్ మొదట్లో మంచి వెలుతురులో కూర్చుంటా, చివరి మూడు నాలుగు గంటలు కాఫీ ముట్టను, ఇంటికెళ్లేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటా. ఆటోవాడు వింతగా చూస్తాడు, చూడనీ. గదికి మందపాటి కర్టెన్ వేయించు. సెలవు రోజు ఒక్కసారిగా రాత్రి మనిషివైపోకు. తాయెత్తు ఉంచుకో, అమ్మ తృప్తికి.

చిన్నూ_వాళ్లమ్మ
పెద్దవాళ్ల సంగతులే చెప్తున్నారు గనక ఒక మాట. మా బాబుకి ఐదేళ్లు. నోరు తెరుచుకుని పడుకునేవాడు, తలంతా చెమట, ఎప్పుడో మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలైంది. స్కూల్లో కుదురుగా కూర్చోడని కంప్లైంట్. పెద్దవాళ్లు నిద్ర చాలకపోతే తూగుతారు, పిల్లలు ఎగురుతారట! ఈఎన్‌టీ చూసి ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్, గొంతులో టాన్సిల్స్ రెండూ పెరిగాయని తీసేశారు. వారం రోజులు ఐస్‌క్రీమ్ పండగ. ఇప్పుడు నోరు మూసుకుని నిద్రపోతున్నాడు.

అనంతపురం_అబ్బాయి
టెస్ట్ అయింది. ఏహెచ్ఐ 41. ఆక్సిజన్ ఒక దశలో 74 శాతానికి పడిందట. డాక్టర్ ఆ గీతల కాగితం చూపిస్తుంటే నా రాత్రులన్నీ దువ్వెన పళ్లలా కనిపించాయి. సీప్యాప్ రాశారు. అద్దెకి తెచ్చి ఐదు రోజులైంది, మూడు రాత్రులు నిద్రలోనే పీకి పారేశాను. ముక్కు ఎండిపోతోంది, కడుపు ఉబ్బుతోంది, గాలి కళ్లలోకి కొడుతోంది. బరువు తగ్గే ఇంజెక్షన్ వచ్చిందట కదా, ఇది మానేసి అది వేసుకోవచ్చా?

సిల్క్‌బోర్డ్_బాధితుడు
టిర్జెపటైడ్ సంగతా? ఊబకాయం ఉన్నవాళ్లలో మధ్యస్థ, తీవ్ర యాప్నియాకి అమెరికాలో 2024 డిసెంబర్‌లో అనుమతిచ్చారు. మన దగ్గర 2025లో మౌంజారో పేరుతో షుగరుకి, బరువుకి వచ్చింది. డాక్టర్‌ని అడుగు, కానీ అది పనిచేసేటప్పటికి నెలలు పడుతుంది. 41తో ఆ నెలలు ఊరికే పడుకుంటావా?

మాస్క్‌తోనే అసలు తంటా. నాకు మొదటిది ముక్కుమీద పెట్టేది ఇచ్చారు, నేనేమో నోటితో ఊపిరి తీసే రకం, గాలంతా నోట్లోంచే పోయేది. నోరూ ముక్కూ కప్పేదానికి మారాక కుదిరింది. మీసం ఒత్తుగా ఉంటే లీకవుతుంది, నేను కత్తిరించా. పట్టీలు కూర్చుని బిగించుకోకు, పడుకుని, గాలి ఆన్ చేసి, అప్పుడు సర్దుకో. బిగిస్తే లీకు ఆగుతుందనుకుంటాం గాని ఎక్కువ బిగిస్తేనే మడత పడి కళ్లలోకి కొడుతుంది. సాయంత్రం టీవీ చూస్తూ అరగంట పెట్టుకో, మాస్క్ అంటే మెదడుకి భయం పోతుంది. ర్యాంప్ అని ఉంటుంది, తక్కువ ఒత్తిడితో మొదలై మెల్లగా పెరుగుతుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూడు. కడుపుబ్బరం తగ్గకపోతే ఒత్తిడి మార్చమని డాక్టర్‌ని అడుగు, నీ అంతట నువ్వు తిప్పకు.

ముక్కు ఎండడానికి హ్యూమిడిఫయర్ ఉంది. అందులో పోసేది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. మొదట్లో నేను ట్యాంకర్ నీళ్లు పోశాను. మూడు వారాలకి డబ్బా అడుగున ఇడ్లీ పాత్రకి పట్టినట్టు తెల్లటి పెచ్చు కట్టింది. డిసెంబర్ చలికి గొట్టంలో నీటిబొట్లు చేరి మొహం మీద పడతాయి, గొట్టానికి ఉన్ని తొడుగు తొడిగితే సరి.

సెకండ్ హ్యాండ్ చవగ్గా దొరుకుతాయి, జాగ్రత్త. లోపలి ఫోమ్ పొడిగా రాలుతోందని 2021 జూన్‌లో ఫిలిప్స్ కొన్ని మోడళ్లను వెనక్కి పిలిచింది. మోడల్ నంబర్ చూడకుండా కొనకు. ఇక ఊరికెళ్లేటప్పుడు రైల్లో రాత్రంతా చార్జింగ్ పాయింట్‌లో కరెంటు ఉంటుందని నమ్ముకోకు, నేను బ్యాటరీ పెట్టుకుంటా.

నిద్రగన్నేరు
నాకు మాస్క్ అసలు పడలేదు బాబూ. డెంటిస్ట్ కింది దవడను ముందుకు లాగి ఉంచే తొడుగు చేసిచ్చారు. మొదట్లో పొద్దున దవడ నొప్పి ఉండేది, తర్వాత పోయింది. నా అంకెకి సరిపోయింది. నీ అంకెకి ముందు మిషనే అంటారేమో, అయినా అలాంటిదొకటి ఉందని తెలిసి ఉండడం మంచిది.

అనంతపురం_అబ్బాయి
మాస్క్ మార్చాను. నిన్న రాత్రి 5 గంటల 40 నిమిషాలు, లేచింది ఒక్కసారే. తలనొప్పి లేదు. మిషన్ యాప్‌లో ఏహెచ్ఐ 3.2 అని చూపిస్తోంది.

ఈ సంగతి నాన్నకి ఫోన్‌లో చెప్తుంటే, "మీ తాతదీ ఇదే గురకరా, వీధి చివరికి వినపడేది" అన్నారు. తాత 58 ఏళ్లకి నిద్రలోనే పోయాడు. ఎవరినీ బాధపెట్టకుండా పోయాడు, పుణ్యాత్ముడు అని ఊరంతా అన్నారు, నేనూ అదే నమ్మి పెరిగాను. ఎందువల్ల పోయాడో ఇప్పుడెవరూ చెప్పలేరు. నాన్నకి 66. అమ్మని ఒక రాత్రి నిద్ర ఆపుకుని గడియారం చూడమన్నాను. "ఆగుతోందిరా, నేను లెక్కపెట్టేలోపు భయమేసి తట్టి లేపేశా" అంది. సోమవారం ఇద్దరూ బస్సెక్కుతున్నారు. ల్యాబ్‌లో మంగళవారం రాత్రికి బుక్ చేశాను.

రాత్రి_డ్యూటీ
మంచి పని. వేసుకునే మందుల చీటీ తీసుకురమ్మనండి, ఆ రోజు మధ్యాహ్నం కునుకు వద్దు, సాయంత్రం కాఫీ వద్దు. నూనె సంగతి మర్చిపోకండి.

అనంతపురం_అబ్బాయి
కాఫీ మానిపించగలను అన్నా. తలకి నూనె లేకుండా ఆయన గడప దాటడం నేను పుట్టాక చూడలేదు. షాంపూ పొట్లాలు రెండు కొని పెట్టాను.